ఖాళీ అని తేల్చిన డిస్క్‌లు

గత సంచికలో పాత నికాహ్‌నామాలను, ఇంటి దస్తావేజులను చెదలకూ చెమ్మకూ అందకుండా కాపాడుకొనే పద్ధతులను గురించి ముచ్చటించాము. అది చదివిన పాఠకులలో పలువురు, ముఖ్యంగా మా జహనుమా, ఫలక్‌నుమా, షంషీర్‌గంజ్ ప్రాంతాల కుటుంబాలవారు, కాగితాల సంగతి సరే, డిస్క్‌ల సంగతి ఏమిటని అడిగారు. మాటలు వేరైనా వారందరి ప్రశ్నా ఒక్కటే. ఇరవై ఏళ్ల కిందట ఇంట్లో రికార్డు చేసిన డీవీడీ బీరువాలో ఉంది. రికార్డు చేసిన యంత్రం ఏనాడో పోయింది. ఇప్పుడు కంప్యూటర్‌లో పెడితే ‘ఖాళీ డిస్క్’ అని చూపుతోంది. దుకాణంలో చూపిస్తే అక్కడా ఇదే మాట. ఇక పారవేయవచ్చునా?

సోదర సోదరీమణులారా, పారవేయకండి. యంత్రం ఖాళీ అన్నంత మాత్రాన డిస్క్ ఖాళీ అయిపోదు. ఆ తేడా ఏమిటో, దానిని ఇంట్లోనే ఎలా పరీక్షించుకోవచ్చునో ఈ నెల వివరించదలిచాము. వీడియో చిత్రణ విషయంలో ఉలమాల మధ్య ఉన్న చర్చను ఈ పుటలోకి తీసుకురావడం లేదు. ఇప్పటికే ఇంట్లో ఉన్న వస్తువును ఏం చేయాలన్నదే ఇక్కడి ప్రశ్న.

ఎవరి గొంతులవి?

2003 నుండి 2010 వరకు గల్ఫ్ నుండి సెలవు మీద వచ్చిన మనవారు ఎందరో చిన్న డీవీడీ కెమెరాలు వెంట తెచ్చారు. టేపుకు బదులు 8 సెంటీమీటర్ల బుల్లి డిస్క్ మీద నేరుగా రికార్డు చేసే యంత్రాలవి. ఇంకొందరి ఇళ్లలో టీవీ పక్కన పెట్టుకొనే డీవీడీ రికార్డర్లు ఉండేవి. పాత వీహెచ్ఎస్ క్యాసెట్లలోని పెళ్లిళ్లను వాటిలో పెద్ద డిస్క్‌ల మీదికి ఎక్కించుకొనేవారు. జిద్దాలోనో రియాద్‌లోనో ఉన్న అబ్బాజాన్‌కు పంపడానికి పిల్లవాడి బిస్మిల్లా వేడుకను తీసేవారు. అక్కడి నుండి ఇక్కడికి ఈద్ ముచ్చట్లు వచ్చేవి. ఆ డిస్క్‌లలో ఉన్న పెద్దలలో చాలామంది నేడు మన మధ్య లేరు. వారి దక్కనీ మాట తీరు, నవ్వు, పిల్లలను పిలిచే పిలుపు మరెక్కడా లేవు.

మా వద్ద చదువుకొనే ఒక విద్యార్థి ఇంట మూడు బుల్లి డిస్క్‌లు ఉన్నాయి. అతని దాదా మరణానికి కొన్ని నెలల ముందు, తమ వంశం బీదరు నుండి ఎలా వచ్చిందో, ఎవరి కొడుకు ఎవరో, ఎవరి ఖబరు ఏ ఖబ్రస్తాన్‌లో ఏ చెట్టు పక్కన ఉందో కెమెరా ముందు కూర్చొని వరుసగా చెప్పారట. ఆ షజరాను ఎవరూ కాగితం మీద పెట్టలేదు. డిస్క్‌లో ఉంది కదా అన్న ధీమాతో ఊరుకున్నారు. పదేళ్ల తరువాత తీసి చూస్తే మూడూ ‘ఖాళీ’. ఆ ఇంట్లో ఇప్పుడు ఆ పేర్లు చెప్పగలవారు ఒక్కరూ లేరు. ఆ మూడింటి సంగతి ముందు చెబుతాము.

‘ఫైనలైజ్’ అంటే ఏమిటి?

రాతప్రతులతో పరిచయం ఉన్నవారికి ఈ విషయం సులువుగా బోధపడుతుంది. పూర్వం కాతిబు గ్రంథమంతా రాసి, చివర తర్ఖీమా రాసేవాడు. గ్రంథం ముగిసిందని, ఎవరు రాశారో, ఏ రోజున ముగించారో అందులో ఉండేది. ముందు పుటల్లో విషయసూచిక చేర్చేవారు. అవి లేని ప్రతి చేతికి వస్తే ఇదేమి గ్రంథమో, ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పడం కష్టం. అయినా లోపలి పుటల మీద సిరా ఎక్కడికీ పోదు.

ఇంటి డీవీడీ రికార్డర్ చేసే పనీ ఇటువంటిదే. రికార్డు చేస్తున్నంతసేపూ చిత్రాన్నీ ధ్వనినీ డిస్క్ మీద రాసుకుంటూ పోతుంది. అన్నీ అయిపోయాక మెనూలో ‘ఫైనలైజ్’ నొక్కితేనే డిస్క్ ఆరంభంలోని పరిచయ భాగం, విషయసూచిక, చివరి ముగింపు గుర్తు రాస్తుంది. సూచిక కోసం లోపలి వలయంలో మొదటే కొంత చోటు ఖాళీగా వదిలిపెట్టి ఉంచుతుంది. మరో రోజు మిగతా చోట రికార్డు చేయవచ్చునని మనవారు ఆ మీట నొక్కకుండా వదిలేశారు. కొందరికి అటువంటి మీట ఉందనే తెలియదు. తాను రాసిన లెక్క తనకు తెలుసు గనుక ఆ రికార్డర్ మాత్రం డిస్క్‌ను చక్కగా ఆడించేది. ఇతర యంత్రాలు మొదట పరిచయ భాగాన్ని వెతుకుతాయి. అది దొరకకపోతే ఖాళీ అని తీర్పు చెప్పి ఊరుకుంటాయి.

దీనిని కంటితోనే పరీక్షించవచ్చు. డిస్క్ అడుగు వైపును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకొని చూడండి. లేజరు తాకిన భాగం ఒక రంగులో, తాకని భాగం మరో ఛాయలో వలయాలుగా కనబడతాయి. లోపలి నుండి అంచు వైపు ఎంత దూరం ఛాయ మారిందో, రికార్డింగ్ ఉన్నది అంత మేరకు. ఒకసారి మాత్రమే రాయగల ‘ఆర్’ రకం డిస్క్‌లలో ఈ తేడా స్పష్టంగా ఉంటుంది. చెరిపి రాసే ‘ఆర్‌డబ్ల్యూ’ రకంలో కొంత మసకగా ఉంటుంది.

ముందుగా చేయకూడనివి

మొదటిది, కంప్యూటర్ అడిగే ప్రశ్నకు తొందరపడి ‘సరే’ అనకండి. ఇటువంటి డిస్క్ పెట్టగానే విండోస్ దానిని కొత్త డిస్క్‌గా భావించి, ఎలా వాడదలిచారని అడుగుతుంది. ముందుకు వెళితే ఫార్మాట్ చేయబోతుంది. ‘ఆర్‌డబ్ల్యూ’ డిస్క్ అయితే ఉన్నది చెరిగిపోయే ప్రమాదం ఉంది. ఆ పెట్టెను ‘క్యాన్సిల్’ నొక్కి మూసివేయండి.

రెండవది, డిస్క్‌ను గుండ్రంగా రుద్ది తుడవకండి. మెత్తని నూలు గుడ్డతో మధ్య నుండి అంచుకు నేరుగా తుడవాలి. బురద గాని, జిడ్డు గాని ఉంటే శుభ్రమైన నీటితో కడిగి నీడలో ఆరబెట్టండి. 2020 అక్టోబరు వరదల్లో అల్ జుబైల్ కాలనీ పరిసరాల ఇళ్లలోకి నీరు చేరినప్పుడు అల్మారాలలోని వస్తువులెన్నో బురదపాలయ్యాయి. అలా తడిసిన డిస్క్‌లు ఎవరి వద్దనైనా ఉంటే ఆశ వదులుకోనక్కరలేదు. డీవీడీలో సమాచారపు పొర రెండు ప్లాస్టిక్ పలకల నడుమ ఉంటుంది. పైన పట్టిన బురద కడిగితే పోతుంది. థిన్నర్, పెట్రోలు వంటివి మాత్రం తగలనీయరాదు. పెట్టెలో నుండి తీసేటప్పుడు డిస్క్‌ను వంచరాదు. ఆ రెండు పలకలు విడిపోతే చేయగలిగింది ఏమీ లేదు.

మూడవది, అసలు డిస్క్ మీద ఏమీ రాయించకండి. రాతప్రతులను పరిష్కరించే పండితులు అసలు ప్రతి మీద కలం పెట్టరు. నకలు తీసి, ఆ నకలు మీదనే దిద్దుబాట్లు చేస్తారు. 1888లో మన నగరంలో ఏర్పడిన దాయిరతుల్ మఆరిఫ్ అరబీ గ్రంథాలను ఎన్నింటినో ఇలా ప్రతులు సరిపోల్చి అచ్చువేసింది. మన ఇంటి డిస్క్‌కూ అదే మర్యాద పాటిద్దాం. చదవడం ముందు, రాయడం చివర.

కంప్యూటర్‌లో తీసే పద్ధతి

దీనికి డీవీడీలు రాయగల డ్రైవ్, అంటే ‘డీవీడీ రైటర్’ కావాలి. కేవలం చదివే డ్రైవ్ పరిచయ భాగం లేని డిస్క్‌ను చాలావరకు తిరస్కరిస్తుంది. రైటర్‌కు మాత్రం, రికార్డర్ తన లెక్కలు రాసుకొన్న లోపలి వలయాన్ని కూడా చూసే శక్తి ఉంటుంది. నేటి ల్యాప్‌టాప్‌లలో డ్రైవే ఉండడం లేదు గనుక యూఎస్‌బీ తీగతో తగిలించే రైటర్‌ను తెచ్చుకోవచ్చు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కంప్యూటర్ సామగ్రి దొరుకుతుంది. బుల్లి డిస్క్‌ను ట్రే మధ్యలోని చిన్న గుంటలో అమర్చాలి. ట్రే లేకుండా డిస్క్‌ను సందులోంచి మింగే డ్రైవ్‌లలో బుల్లి డిస్క్ పెట్టనే రాదు, లోపల ఇరుక్కుపోతుంది.

ఒక డ్రైవ్ చదవలేని డిస్క్‌ను మరో కంపెనీ డ్రైవ్ చదవడం తరచుగా జరిగేదే. కనుక ఒక్క డ్రైవ్ కాదన్నంత మాత్రాన నిరాశ చెందకండి. బంధువుల ఇళ్లలోని పాత డెస్క్‌టాప్‌లను కూడా అడిగి చూడండి.

తరువాత సాఫ్ట్‌వేర్. ఈ పనికి ఎంతో కాలంగా పేరున్నది ‘ఐసోబస్టర్’. విండోస్ ఖాళీ అన్న డిస్క్‌లో కూడా సెషన్లు, ట్రాకులు ఏమేమి ఉన్నాయో ఇది విడిగా వెతికి చూపుతుంది. ఇందులో కొన్ని పనులు ఉచితం, కొన్నింటికి లైసెన్సు కొనవలసి ఉంటుంది. ముందు ఉచితంగా దించుకొని, మీ డిస్క్‌లో దానికి ట్రాకులు కనబడుతున్నాయో లేదో చూసి, ఆ పైననే కొనే ఆలోచన చేయండి. దొంగ తాళంతో తెరిచిన ప్రతులను వాడకండి. అది ఇతరుల హక్కు, పైగా వాటి వెంట వైరస్‌లు వస్తాయి.

ఐసోబస్టర్‌లో డ్రైవ్‌ను ఎంచుకొన్న తరువాత ఎడమ వైపు డిస్క్ బొమ్మ, దాని కింద ట్రాకులు కనబడతాయి. మొట్టమొదట డిస్క్ మొత్తానికి ‘ఇమేజ్’ తీయించండి. ఇమేజ్ అంటే డిస్క్‌లోని ప్రతి అరను ఉన్నది ఉన్నట్లుగా ఒకే ఫైలులోకి దించిన నకలు. పెద్ద డిస్క్‌లో పట్టేది 4.7 జీబీ, దానినే కంప్యూటర్ తన లెక్కలో 4.37 జీబీగా చూపుతుంది. బుల్లి డిస్క్‌లో పట్టేది సుమారు 1.4 జీబీ, అంటే మామూలు నాణ్యతతో అరగంట వీడియో. హార్డ్ డిస్క్‌లో ఇందుకు రెండింతల చోటు ఉండేలా చూసుకోండి.

ఇమేజ్ తీస్తుండగా ఆరంభంలోనే ‘చదవలేకపోతున్నాను’ అన్న సందేశాలు వస్తే కంగారు పడకండి. సూచిక కోసం వదిలిన ఖాళీ చోటు అదే. ఆ అరల స్థానంలో సున్నాలు నింపి ముందుకు పొమ్మని చెప్పండి. ఆరోగ్యంగా ఉన్న డిస్క్ పావుగంటలో ముగియవచ్చు. గీతలు పడినది గంటల తరబడి సాగవచ్చు. ఇషా తరువాత మొదలుపెట్టి రాత్రంతా వదిలివేయడం మేలు.

నకలు నుండి చిత్రం

ఇమేజ్ చేతికి వచ్చాక అసలు డిస్క్‌ను తిరిగి పెట్టెలో భద్రపరచండి. ఇక పనంతా నకలు మీదనే.

డీవీడీలో చిత్రం ‘ఎంపెగ్-2’ పద్ధతిలో ఉంటుంది. అది 2048 బైట్ల చిన్న పొట్లాలుగా కట్టి ఉంటుంది. ప్రతి పొట్లం మొదట ఒకే రకమైన గుర్తు, దాని వెంట కాలపు ముద్ర ఉంటాయి. పాత రాతప్రతులలో ప్రతి పుట అడుగున మరుసటి పుట తొలి మాట రాసి ఉంచేవారు. కుట్టు ఊడి పుటలు చెల్లాచెదురైనా ఆ మాటల ఆధారంతో తిరిగి వరుస పేర్చేవారు. సూచిక లేని డిస్క్ నుండి వీడియో తీయగలగడానికి కారణం కూడా ఇదే. సాఫ్ట్‌వేర్ ఆ గుర్తులను పట్టుకొని పొట్లాలను వరుస కడుతుంది.

ఐసోబస్టర్ తానే వీడియో ముక్కలను గుర్తించి చూపితే వాటిని వేరే ఫోల్డర్‌లోకి తీసుకోండి. గుర్తించకపోతే ‘ఫోటోరెక్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఆ ఇమేజ్‌ను ఇవ్వండి. ఇది సూచికలను పట్టించుకోకుండా కేవలం గుర్తుల ఆధారంగా ఫైళ్లను ఏరుతుంది. అక్షరాల తెరతో మొరటుగా కనబడినా, ఇమేజ్‌ను చదువుతుందే తప్ప మార్చదు. ఫైళ్ల రకాలలో ‘ఎంపీజీ’ ఒక్కటే ఎంచుకొంటే పని త్వరగా ముగుస్తుంది.

దొరికిన ఫైళ్లను ‘వీఎల్‌సీ’లో ఆడించి చూడండి. నిడివి తప్పుగా చూపవచ్చు, ముందుకు జరిపితే జరగకపోవచ్చు. ఒక్కొక్క రికార్డింగ్‌కు గడియారం మళ్లీ మొదటి నుండి లెక్కించడం వలన ఇలా జరుగుతుంది. ‘ఎవిడెమక్స్’ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో, చిత్రాన్ని తిరిగి కుదించకుండా, పొట్లాలను మాత్రం కొత్తగా కట్టించుకొంటే చాలావరకు సర్దుకొంటుంది. ఫోన్‌లలో చూసేందుకు చిన్న ఎంపీ4 ఫైలు చేసుకోవచ్చు గాని, పెద్ద ఫైలును చెరపకండి. మన దేశంలో వాడిన డీవీడీ చిత్రం 720 అడ్డం, 576 నిలువు చుక్కల పరిమాణం గలది. దానిని మరింత కుదిస్తే ముఖాలు చెదిరిపోతాయి.

రికార్డర్ బతికి ఉంటే

డిస్క్ రాసిన యంత్రం గాని, అదే కంపెనీ అదే రకం మరొకటి గాని దొరికితే ఇంకొక దారి ఉంది. కోఠి గుజరాతీ గల్లీ, జుమేరాత్ బజార్, ఎర్రగడ్డ ఆదివారం సంత వంటి చోట్ల పాత యంత్రాలు కనబడుతూ ఉంటాయి. డిస్క్ అందులో ఆడితే, దాని పసుపు-ఎరుపు-తెలుపు తీగలను చిన్న యూఎస్‌బీ క్యాప్చర్ పరికరానికి తగిలించి, ఆడుతున్నంతసేపూ కంప్యూటర్‌లో రికార్డు చేసుకోవచ్చు. నాణ్యత కొంత తగ్గినా డిస్క్‌కు హాని లేదు.

ఆ యంత్రంతోనే ‘ఫైనలైజ్’ నొక్కించడం చివరి మెట్టుగా ఉంచుకోండి. అది డిస్క్ మీద రాసే పని. ముసలి లేజరు మధ్యలో తడబడినా, కరెంటు పోయినా డిస్క్ ఎటూ కాకుండా పోతుంది. బుల్లి కెమెరా అయితే బ్యాటరీ మీద ఆధారపడక ఛార్జరు తగిలించి ఉంచాలి. యూపీఎస్ ఉంటే ఇంకా మంచిది.

పరుల చేతికి ఇచ్చే ముందు

ఇంత శ్రమ ఎందుకు, దుకాణంలో ఇస్తే పోదా అని కొందరంటారు. ఆ డిస్క్‌లలో జనానాలో తీసిన పెళ్లి వేడుకలున్నాయి. తమ వారి మధ్య ఉన్నామన్న నమ్మకంతో స్త్రీలు కూర్చొన్న సభలవి. ఆ నమ్మకం మనపై ఉన్న అమానతు. దుకాణం కంప్యూటర్‌లో ఒక నకలు మిగిలిపోతే అది ఎవరి ఫోన్‌కు చేరుతుందో చెప్పలేము. పదో తరగతి చదివిన మన ఆడపిల్లలు ఈ పనిని ఇంట్లోనే చేయగలరు. వారికే అప్పగించండి. బయట ఇవ్వక తప్పకపోతే పని జరిగినంతసేపు దగ్గర కూర్చొని, చెరిపించి రండి.

తీసిన వీడియోను కుటుంబ వాట్సాప్ గుంపులో పెట్టే ముందు కూడా అందులో కనబడే వారిని అడగండి. ఇరవై ఏళ్ల కిందటి పెళ్లికూతురు నేడు నలుగురు పిల్లల తల్లి, తన వీడియో ఎక్కడికి వెళ్లాలో చెప్పే హక్కు ఆమెది. మరణించిన వారి విషయంలో వారసులు కూర్చొని నిర్ణయించుకోవాలి.

ఆ మూడు డిస్క్‌ల సంగతి

ముందు చెప్పిన విద్యార్థి అక్క డిగ్రీ చదువుతోంది. పై పద్ధతిలోనే ఆ అమ్మాయి మూడు డిస్క్‌లకూ ఇమేజ్‌లు తీసింది. మొదటి డ్రైవ్‌లో ఏదీ కనబడలేదు. మేనమామ ఇంటి పాత డెస్క్‌టాప్‌లో రెండు కనబడ్డాయి. ఒకదాని నుండి పూర్తి అరగంట దొరికింది. రెండవ దానిలో పదకొండు నిమిషాలు దొరికాయి, నడుమ చిత్రం గడ్డకట్టినా మాట వినబడుతోంది. మూడవది ‘ఆర్‌డబ్ల్యూ’ డిస్క్. దాని మీద తరువాత ఎవరో ఒక వలీమా రికార్డు చేశారు. ఒకదాని మీద మరొకటి రాసిన చోట పాతది ఏ సాఫ్ట్‌వేర్‌కూ దొరకదు. షజరాలో అయిదు తరాల పేర్లు వచ్చాయి, ఖబరుల జాబితా మూడవ డిస్క్‌తో పోయింది. ఆ అయిదు తరాలను ఆ ఇంటివారు అదే రాత్రి నోటుపుస్తకంలో రాసుకొన్నారు.

ఇవి ఎంత ఆలస్యం చేస్తే అంత నష్టపోయే వస్తువులు. ‘ఆర్’ డిస్క్‌లలో సమాచారాన్ని మోసేది ఒక రంగు పూత. మన ఎండకూ, రేకుల కప్పు కింద పుట్టే వేడికీ అది క్రమంగా వెలిసిపోతుంది. పూత వెలిసిన చోట ఏ డ్రైవ్‌కూ ఏమీ కనబడదు.

కనుక ఈ నెలలో ఒక శుక్రవారం మధ్యాహ్నం బీరువా తెరవండి. రాత లేని డిస్క్‌లన్నీ బయటికి తీసి, అడుగు వైపు వెలుతురులో చూసి, రికార్డింగ్ ఉన్నవాటిని వేరు చేయండి. ఇంట్లో పెద్దవారిని కూర్చోబెట్టి ఏది ఏనాటిదో అడిగి, కాగితం ముక్క మీద రాసి పెట్టెలో ఉంచండి. డిస్క్ మీద చీటీ అతికించకండి. వయోవృద్ధులు ఉన్న డిస్క్‌లను మొదట తీయండి, పెళ్లిళ్లు తరువాత. తీసిన ఫైలుకు తేదీ, సందర్భం, పేర్లు కలిపి పేరు పెట్టండి. ఒక నకలు ఇంట్లో, ఒకటి వేరే హార్డ్ డిస్క్‌లో, ఒకటి మరో ఊరిలోని నమ్మకస్థుడైన బంధువు వద్ద ఉంచండి.

ఆడియో క్యాసెట్లలోని పెద్దల ప్రసంగాలను, ఖిరాఅత్‌లను కంప్యూటర్‌లోకి ఎక్కించడం గురించి అడిగిన వారికి వచ్చే సంచికలో, ఇన్షా అల్లాహ్, సమాధానం ఇస్తాము.